ఆంటీ అనుమానించని ఫోటో

మా ఎదురింటి ఆంటీ పోయారని వాళ్ళమ్మాయి పొద్దున్నే ఫోన్ చేసి చెప్పింది. "మామ్ ఈజ్ గాన్, ఆంటీ. నిద్రలోనే," అంది. నేను వెంటనే, "ఎవరు చూశారు? డాక్టరు వచ్చి చెప్పాడా?" అని అడిగాను. అడిగాక సిగ్గేసింది. అది నా మాట కాదు, ఆంటీ మాట. ఎవరైనా పోయారని కబురొస్తే ఆవిడ ముందు అదే అడిగేవారు. అన్నీ రూఢి చేసుకున్నాకే కళ్ళు తుడుచుకునేవారు. కెనడాలోని ఈ రెజైనాలో ముప్ఫై ఏళ్ళకు పైగా ఎదురెదురు ఇళ్ళలో ఉన్నాం. అనుమానం కూడా జలుబులాంటిదే, దగ్గర మసిలితే అంటుకుంటుంది.

ఆవిడ దేన్నీ ఊరికే నమ్మిన మనిషి కాదు. టీవీలో రేపు మంచు పడదని చెప్తే, ఆవిడ వెళ్ళి పార తెచ్చి తలుపు పక్కన పెట్టుకునేవారు. షాపులో తగ్గింపు ధర చీటీ కనిపిస్తే గోటితో గీకి, కింద పాత చీటీ ఏముందో చూసేవారు. నేను పులిహోర తీసుకెళ్తే, "ఇంగువ ఎక్కడిది?" అని అడిగి, జవాబు నచ్చితేనే చెంచా తీసుకునేవారు. వాళ్ళాయన డాక్టరు. ఆయన రాసిన మందు కూడా ఇంకో డాక్టర్ని అడిగాకే మింగేవారట. ఈ సంగతి పాపం ఆయనే నవ్వుతూ అందరికీ చెప్పుకునేవారు.

ఇవన్నీ ఒక ఎత్తు, పాత ఫోటోల మీద ఆవిడ అనుమానం ఒక ఎత్తు. ఆంటీ పెళ్ళికి ముందు హోమ్ సైన్స్ చదివారు. ఇక్కడికొచ్చాక హైస్కూల్లో చాలాకాలం కుట్టుపని క్లాసు చెప్పారు. ఫోటో చేతికిస్తే మొహాలు చూసేవారు కాదు. చొక్కా కాలరు, జాకెట్టు చెయ్యి, చీర కుచ్చిళ్ళు, ఇవే చూసేవారు. "మొహాలకి నటించడం తెలుసు. బట్టలకి ఆ తెలివి లేదు," అనేవారు.

ఒక ఉగాదికి ఊళ్ళో తెలుగువాళ్ళం కమ్యూనిటీ హాల్లో గోడ నిండా పాత ఫోటోలు పెట్టాం. ఎవరి పెద్దల ఫోటోలు వాళ్ళు తేవాలి. ఆంటీ చేతులు వెనక్కి కట్టుకుని, బడికి ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినట్టు ఒక్కో ఫోటో ముందూ ఆగుతూ వచ్చారు. రిటైరైన ఇంజనీరుగారొకాయన తన ఫోటో పక్కన ఛాతీ విరుచుకుని నిలబడ్డారు.

"మా తాతగారండీ. స్వాతంత్ర్యం రాకముందు తీయించుకున్నారు," అన్నారాయన.

"ఆ చొక్కా కాలరు చూశారా?" అన్నారు ఆంటీ.

"కాలరుకేమైందండీ?"

"భుజాల దాకా పాకింది. యుద్ధం రోజుల్లో గుడ్డ కంట్రోలు బాబూ. కార్డు చూపిస్తే కొలిచి ఇచ్చేవారు. మీ తాతగారికి ఒక్క కాలరుకే అంత గుడ్డ ఎవరిచ్చారు? ఇది డెబ్భైల కాలరు. ఫోటో నడుం దాకానే ఉంది గానీ, కింద దాకా ఉంటే ఆ ప్యాంటు నేల ఊడుస్తూ కనిపించేది. ఈయన మీ తాతగారు కాదు. మీ బాబాయో, ఎవరో."

ఆయన మొహం మాడిపోయింది. ఇండియాకి ఫోన్ చేసి కనుక్కున్నారు. బాబాయిగారేనట. మరుసటి ఉగాదికి ఆయన ఏ ఫోటో తేలేదు.

ఆ రోజే ఇంకో మూలన ఆడవాళ్ళం ఆవిడ చుట్టూ చేరాం. ఒకే ఊరి నుంచి వచ్చిన మూడు కుటుంబాల తాతలు ఒకే కోటు వేసుకున్నారని ఆవిడే పట్టుకున్నారు. స్టూడియోవాడి కోటట అది, ఫోటోకొచ్చిన ప్రతివాడికీ తొడిగేవాడట. తర్వాత మాకు పాఠం మొదలుపెట్టారు. "బుట్టచేతులు, మెడ చుట్టూ లేసు ఉంటే నలభైలు. చేతులు మోచేతి దాకా దిగి, మెడ మూసుకుపోతే యాభైలు. చేతులు పైకెక్కి, జాకెట్టు పొట్టిదై, కొప్పు గోపురంలా లేస్తే అరవైలు. నైలాను చీర ఒంటికి అంటుకుపోయి కనిపిస్తే ఇంకాస్త ఇవతలికి రండి. మగాళ్ళది మరీ తేలిక. ప్యాంటు వదులుగా ఉంటే యాభైలు, గొట్టాల్లా బిగిస్తే అరవైలు. డెబ్భైలు చెప్పక్కర్లేదు, ఇందాక చూశారుగా."

"మరి పాతబట్టలు వేసుకుని ఫోటో దిగితేనో?" అన్నాను, ఆవిడని ఇరుకున పెడదామని.

"దిగొచ్చు. మా అక్క పట్టుజాకెట్టు నేను పదేళ్ళ తర్వాత నా పెళ్ళికి వేసుకున్నాను. పాతబట్ట తర్వాతి ఫోటోలో కనిపించొచ్చు అమ్మాయ్. ఇంకా పుట్టని ఫ్యాషను ముందు ఫోటోలో కనిపించదు. ఇదొక్కటీ గుర్తుపెట్టుకో."

గుర్తుపెట్టుకోకుండా ఉంటే బాగుండేదని ఈ మధ్య అనిపిస్తోంది.

ఆవిడ కట్టూబొట్టూ మాత్రం ఎన్నడూ మారలేదు. పైకెక్కిన చేతులు, పొట్టి తెల్ల జాకెట్టు. ఏ రంగు చీరకైనా ఆ తెల్లదే. పైన పార్కా కోటు, కింద మంచు బూట్లు. ఒకసారి దాని గురించి అడిగితే నవ్వారు. "ఇక్కడ మనవాళ్ళ ఫోటోలు చూసి మోసపోకు. జాకెట్టు చూస్తే ఫోటో ఎప్పుడు తీశారో తెలీదు, ఆవిడ ఎప్పుడు విమానం ఎక్కిందో తెలుస్తుంది. దిగిన రోజునే మన గడియారం ఆగిపోతుంది," అన్నారు. నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు బుట్టచేతులు రెండోసారి తిరిగొచ్చినప్పుడు ఎక్కావు," అన్నారు. నిజమే. నా పెట్టెలో అవే ఉన్నాయి.

ఇక నా ఫోటో సంగతి. మా అమ్మ అరవైల మొదట్లోనే పోయింది. అప్పటికి నాకు రెండేళ్ళు నిండలేదు. అమ్మ మొహం నాకు గుర్తులేదు. నన్ను పెంచింది మా మేనత్త. నేను కెనడా బయల్దేరే ముందు అత్త ఒక ఫోటో ఫ్రేము కట్టించి నా చేతిలో పెట్టి, "ఇదిగోనే మీ అమ్మ," అంది. అన్నేళ్ళూ ఎందుకు చూపించలేదని అడిగితే, ఎక్కడో పెట్టి మరిచిపోయానంది. నేనేమీ అనుమానించలేదు. అప్పటికింకా ఆంటీ పరిచయం లేదు కదా.

ఫోటోలో ఒక పాతికేళ్ళావిడ కుర్చీ మీద చెయ్యి వేసి నిలబడి ఉంటుంది. చీర అంచు నిండా మామిడిపిందెలు. జాకెట్టు చేతులకీ అదే అంచు, అవే పిందెలు. మా అమ్మ ముచ్చటగా తయారయ్యే మనిషని ఆ అంచు చూసే అనుకునేదాన్ని. అమ్మ గురించి నాకు సొంతంగా తెలిసింది ఆ ఒక్క ముక్కే.

ఆంటీకి ఆ ఫోటో కనపడకుండా చాలాకాలం లోపలి గదిలో దాచాను. నా భయం నాది. ఒకసారి నాకు జ్వరమొస్తే చారు తీసుకుని ఆవిడ నేరుగా ఆ గదిలోకే వచ్చేశారు. గిన్నె పెట్టి, గోడ మీంచి ఫోటో దించి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళారు.

"ఎవరు?"

"మా అమ్మ, ఆంటీ."

"ఎవరిచ్చారు?"

"మా మేనత్త."

"అంతకు ముందెప్పుడైనా చూశావా?"

"లేదు."

"మీ అమ్మ ఎప్పుడు పోయిందన్నావు?"

చెప్పాను. ఆవిడ ఫోటోని వెలుతురుకి అటూ ఇటూ తిప్పి చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత తెచ్చి గోడకి తగిలించి, వంకర లేకుండా సర్ది, "మీ అమ్మే. ఆ గడ్డం చూడు, అచ్చు నీదే," అన్నారు.

నాకు ఏడుపొచ్చేసింది. ఊరందరి తాతల్నీ కాదన్న మనిషి మా అమ్మని అవునంది. అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఆ వారమే ఫోటోని హాల్లోకి మార్చాను. అయితే రెండు సంగతులు అప్పుడే నాకు తట్టాల్సింది. ఒకటి, అది మా అమ్మేనా అని నేను ఆవిడని అడగనే లేదు. రెండు, మొహాలు చూడని మనిషి ఆ రోజు గడ్డం గురించి మాట్లాడారు.

ఆంటీ పోయిన రోజు మధ్యాహ్నం వాళ్ళమ్మాయి నన్ను రమ్మంది. ఆ అమ్మాయి ఉండేది వాటర్లూలో. తల్లికి ఒంట్లో బాగాలేదని వారం ముందే వచ్చింది. ఫ్యూనరల్ హోమ్‌లో చీర కట్టాలి, తనకి కట్టడం రాదు. ఇద్దరం బీరువా ముందు కూర్చున్నాం. తెల్ల జాకెట్ల దొంతర కింద మల్లుగుడ్డలో చుట్టిన పట్టుచీర ఒకటి దొరికింది. దాని మడతలో జాకెట్టు. చేతులకి చీర అంచే.

"ఇది వేద్దామా ఆంటీ? ఇట్స్ సో ప్రెటీ," అంది.

"ఇదెప్పటిది? ఆవిడ వేసుకోగా నేనెప్పుడూ చూళ్ళేదే."

"మా ఫస్ట్ ఇండియా ట్రిప్. ఐ వజ్ సిక్స్. ఎయిర్‌పోర్ట్‌లో కజిన్స్ అందరూ మామ్‌ని చూసి నవ్వారు. వాళ్ళందరికీ మ్యాచింగ్. చీరతోనే బ్లౌజ్ పీస్, సేమ్ బార్డర్. మామ్‌ది ఒక్కటే వైట్. షీ వజ్ సో మ్యాడ్. 'నేను వెళ్ళేటప్పటికి ఈ వేషం లేనే లేదు, ఎవత్తీ వేసేది కాదు' అని రోజూ అనేది. కుట్టించుకుంది, కానీ నెవర్ వోర్ ఇట్."

నా చేతిలో జాకెట్టు అలాగే ఉండిపోయింది. ఆంటీ దేశం విడిచింది అరవైల మధ్యలో. అప్పటికి ఆ అంచుచేతులు లేవు. మా అమ్మ అంతకు ముందే పోయింది.

"ఇది కాదులే. తెల్లదే ఆవిడకి అలవాటు," అన్నాను.

ఫ్యూనరల్ హోమ్‌లో జాకెట్టు వెనక కత్తిరిస్తే తప్ప తొడగలేమంది అక్కడి అమ్మాయి. కత్తెర నేను తీసుకుని, గుడ్డ పాడవకుండా కుట్టు వెంబడే విప్పాను. ఆవిడకి అలా అయితేనే నచ్చుతుంది. కుచ్చిళ్ళు పెడుతూ చెవి దగ్గరికి వంగి, "మీరు చూడగానే కనిపెట్టారు కదూ?" అని అడిగాను. కోపంగానే అడిగాను. అందరికీ నిజం చెప్పి నాకొక్కదానికే అబద్ధం చెప్తారా? నేను అంత అలుసయ్యానా? పైట సర్దేసరికి ఆ కోపం ఏడుపైంది. ఆ ఏడుపులో సగం ఆవిడ మీద ప్రేమ. పెద్ద డాక్టరైన మొగుణ్ణే నమ్మని మనిషి, నా మొహం చూసి, జీవితమంతా కాపాడుకున్న తన మాటని నా కోసం వదులుకుంది.

ఆ తర్వాత ఫోటో తరఫున నేను చేయని వాదన లేదు. మా ఊరి టైలరుకి అందరికన్నా ముందే ఆ ఆలోచన వచ్చిందేమో అనుకున్నాను. "ఏం, బొంబాయివాళ్ళు మీ ఊరొచ్చి నేర్చుకున్నారా?" అని ఆంటీ గొంతు వినపడింది. అమ్మే మిగిలిన అంచు కత్తిరించి కుట్టుకుందేమో అనుకున్నాను. దానికి మాత్రం ఆంటీ ఏమీ అనలేదు. కావచ్చు, కాకపోవచ్చు. అత్తనడుగుదామంటే ఆవిడా లేదు. బహుశా మా అమ్మకి అసలు ఫోటోనే లేదేమో. దూరదేశం పోతున్న పిల్ల ఉత్తచేతుల్తో వెళ్ళకూడదని, అత్త ఎవరి ఫోటోనో తెచ్చి ఫ్రేము కట్టించిందేమో. నిజం అదే అయితే, ఒకరినొకరు ఎన్నడూ చూడని ఇద్దరు ఆడవాళ్ళు నాకు అమ్మ లేకుండా పోకూడదని ఒక్కమాట మీద నిలబడ్డారు. వాళ్ళని ఏమని నిలదీయను?

అయినా రోజూ హాల్లోకి రాగానే ఆ మొహం వంక ఓరగా చూస్తున్నాను. ఎవరమ్మా నువ్వు, అని.

కర్మలన్నీ అయ్యాక, వాటర్లూ వెళ్ళేముందు, వాళ్ళమ్మాయి నా గిన్నెలు తిరిగివ్వడానికి వచ్చింది. కాఫీ కలిపి తెచ్చేసరికి హాల్లో ఫోటో ముందు నిలబడి ఉంది.

"హూ ఈజ్ షీ, ఆంటీ?"

"మా అమ్మ," అన్నాను. తడుముకోలేదు.

"షీ ఈజ్ బ్యూటిఫుల్." ఇంకా దగ్గరికి జరిగింది. "ఆ బ్లౌజ్... మామ్‌ది కూడా అలాగే ఉంది కదా? ఎప్పటి ఫోటో ఇది?"

"కాఫీ చల్లారిపోతోంది, రామ్మా," అన్నాను.

ఆ అమ్మాయి కదల్లేదు. అద్దం మీద, జాకెట్టు చేతి అంచు దగ్గర వేలు ఆనించి, అలాగే చూస్తూ నిలబడింది.