నలభై ఒకటికి ఆరు పళ్లు

ఉదయం ఆరున్నరకు శామీర్‌పేట గేటు ముందు దిగాను. నల్ల ట్రంకు, బెడ్డింగు చుట్ట, జేబులో మూవ్‌మెంట్ ఆర్డరు. తొంభైల చివరి సంవత్సరాలు. జూన్ వచ్చినా వాన పడలేదు. ఎర్రమట్టి, గుండ్రాళ్ల గుట్టలు, ఆ వేళకే వేడెక్కుతున్న గాలి. సెంట్రీ నా కాగితం చూసి, నా ముఖం చూసి నవ్వాడు.

"మేడ్చల్ హవల్దార్ సాబ్ మీరేనా? ఇంటికి సైకిల్ మీద పోయి రావచ్చు గదా, గీ ట్రంకెందుకు మోసుకొచ్చిండ్రు?"

నేనూ నవ్వాను. పెన్షన్‌కు ముందు ఆఖరి పోస్టింగు, అదీ సొంత ఊరి పక్కన. అంతకుముందు ఎడారి చూశాను, మంచు చూశాను. ఇక్కడ నాకు ఏమీ జరగదనుకున్నాను.

"శామీర్‌పేటల ఏం యుద్ధం చేసినవ్ బావా?" అని మా బామ్మర్ది ఇప్పటికీ పెళ్లిళ్లలో పదిమంది ముందు అడుగుతాడు. పదిమందీ నవ్వుతారు. వాళ్లకు యుద్ధమంటే టీవీలో పేలే తుపాకీ. ఆ తుపాకీ అక్కడికి నడిచిపోయిందా? గుండు, గోధుమపిండి, కిరోసిన్, జవాను తాగే నీళ్లు, అన్నీ ఏదో ఒక బండి వెనక చక్రాల మీదే ఎక్కాయి. ఆ చక్రాలను తిప్పే ఇనుప పళ్లు నాలాంటివాడు ఏరి బిగించినవి. ఇది మా బామ్మర్ది కోసమే రాస్తున్నాను. చదవడని తెలుసు.

మాది బండ్లు బాగుచేసే వర్క్‌షాపు. రేకుల షెడ్డు, బండి కిందికి దిగి పనిచేసే రెండు గుంటలు, ఒక చెయిన్ పుల్లీ. మధ్యాహ్నం పానా పట్టుకుంటే చేయి కాలేది, గోనెపట్టా చుట్టుకుని పట్టుకునేవాళ్లం. నేను పదో తరగతి తప్పినవాణ్ని. బండి లెక్కలు బరాక్ మంచం మీద, డిక్షనరీ పక్కన పెట్టుకుని, మాన్యువళ్లు చదివి నేర్చుకున్నాను. నాకు ఎవరూ చెప్పలేదు, నేను ఎవరినీ అడగలేదు.

మా దగ్గర ఒక పాత ట్రక్కు ఉండేది. వెనక నీళ్ల ట్యాంకు బిగించి ఉండేది. చెరువు కింది పంపు దగ్గర నింపుకుని, రాళ్ల దారిలో గుట్ట మీది క్యాంపుకు ఎక్కాలి. దాని స్టీరింగు పావు చుట్టు ఉత్తగా తిరిగాక గానీ చక్రం కదిలేది కాదు. కొత్తవాడు కూర్చుంటే కల్వర్టు గోడకు కొట్టేవాడు. ఒక్క డ్రైవరు చేతిలోనే అది బుద్ధిగా నడిచేది. ఆయన ర్యాంకు నాయక్, వయసులో నాకంటే పదేళ్లు చిన్న, యాప్రాల్‌లో కిరాయి ఇంట్లో కాపురం. నన్ను అన్నా అనేవాడు. నేను తమ్మీ అనేవాణ్ని. మా దగ్గర రివాజు ఒకటుండేది: పాత బండికి పాత డ్రైవరే. బండి ఎటు పోతే మనిషి అటు పోవాలి.

ఆయనకు ఒక్కతే బిడ్డ, రూతు. ఆరేళ్లది. పోలియో వచ్చి ఎడమ మోకాలు ముడుచుకుపోయింది. ఆ ఎండాకాలంలోనే ఆపరేషన్ చేసి కాలు చాపించారు. ఇనుప పట్టీల బూటు ఇచ్చారు. డాక్టరు చెప్పింది ఒకటే మాట: ఏడాది పాటు పొద్దునా సాయంత్రం మోకాలు వంచాలి, చాపాలి. మానేస్తే మళ్లీ బిగుసుకుపోతుంది, రెండోసారి కోయలేం.

అది మామూలు నొప్పి కాదు. తల్లి చేయి వేస్తేనే పిల్ల కేకలు పెట్టేది. తండ్రి ఒక ఉపాయం కనిపెట్టాడు. బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఆ కాలును గేరు రాడ్డులా పట్టుకుని, నోటితో ఇంజను మోత చేసేవాడు.

"ఫస్టు గేరు... బండి లేస్తాంది... ఇగ సెకండు..."

పిల్ల కళ్లలోంచి నీళ్లు కారుతుండగానే తనూ కలిసి అరిచేది. "నాయినా, టాపు ఎయ్యి! టాపు!" టాపు గేరు అంటే కాలు పూర్తిగా చాపడం. పక్కింటివాళ్లు కిటికీల్లోంచి చూసేవాళ్లు. ఒక ఆదివారం చర్చి అయ్యాక వాళ్లింట్లో అన్నం తిన్నాను. అప్పుడు చూశాను ఇది. ఇరవై ఏళ్లుగా గేర్లు ముట్టిన చేయి నాది. అంత నైసుగా గేరు మార్చినవాణ్ని నేను చూడలేదు.

ఆగస్టులో ఆ ట్రక్కు నిండు ట్యాంకుతో గుట్ట సగం ఎక్కి ఆగిపోయింది. వెనక ఇరుసులోంచి టకటక శబ్దం. తాడు కట్టి షెడ్డుకు లాక్కొచ్చాం. నూనె దింపితే ఇనుప ముక్కలు పడ్డాయి. పళ్లు విరిగాయి.

మీకు అర్థమయ్యేలా చెబుతాను. వెనక ఇరుసులో రెండు పళ్ల చక్రాలు ఉంటాయి. ఇంజను వైపు చిన్నది, పినియన్. చక్రాల వైపు పెద్దది, క్రౌన్. పెద్దదాని పళ్లను చిన్నదాని పళ్లతో భాగించండి. ఆ లెక్క పెద్దదైతే బండి బరువు లాగుతుంది, ఉరకదు. చిన్నదైతే ఉరుకుతుంది, ఎత్తు మీద చేతులెత్తేస్తుంది. దిగేటప్పుడు కూడా అంతే. పెద్ద లెక్క ఉంటే ఇంజనే బండిని వెనక్కి పట్టుకుంటుంది. చిన్నదైతే బ్రేకుల మీద బతకాలి. ఇవాళ మేడ్చల్ రోడ్డు మీది లారీ ఓనర్లు నా దగ్గరికొచ్చి "పెద్దాయనా, ఏది ఏస్తే జోరుగ పోతది?" అని అడుగుతారు. ఏం మోస్తావు, ఎక్కడ దిగుతావు అని తిరిగి అడిగితే నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూస్తారు.

స్టోర్‌లో రెండు సెట్లు ఉన్నాయి. ఒకటి ముప్పై తొమ్మిదికి ఏడు, విరిగినదానిలాంటిదే. మేం పరుగు సెట్టు అనేవాళ్లం. రెండోది ఏదో పాత టిప్పర్‌లోంచి తీసింది. నలభై ఒకటికి ఆరు. లాగుడు సెట్టు. సుబేదార్ సాబ్, సిద్దిపేట వైపు మనిషి, గుంటలోకి తొంగిచూశాడు.

"ఏంది హవల్దార్, ఏది ఏస్తవ్? నువ్వే సోచాయించి రేపు పొద్దుగాల చెప్పు."

ఆ రోజుల్లో ఉత్తరాన సరిహద్దుకు బండ్లు పంపుతారని మాట నడుస్తోంది. అంతకుముందు ఏడాది పంపిన బండ్లు కాన్వాయ్ కట్టి, మేడ్చల్ మీదుగా నాగపూర్ రోడ్డు పట్టాయి. గంటకు యాభై కిలోమీటర్లు పట్టలేని బండిని కాన్వాయ్‌లో పెట్టరు. ఇది డ్రైవర్‌కు తెలుసు, నాకూ తెలుసు. టీ వేళకు వచ్చి నా పక్కన టైరు మీద కూర్చున్నాడు.

"అన్నా, లాగుడు సెట్టే ఎయ్యి. గిది ఉరకకపోతే గీడనే ఉంటది. గిది గీడుంటే నేను గీడుంట."

"నీ కోసం ఎట్ల ఏస్త రా? గుట్ట కోసం ఎయ్యాలె."

"గుట్ట కోసమే ఎయ్యి. నేనేమన్న ఒద్దన్ననా?" అని పళ్లికిలించాడు. తర్వాత నవ్వు ఆపేశాడు. "ఒక్క ఏడాది అన్నా. పిల్ల కాలు కుదురుకునేదాక. తర్వాత సియాచిన్ పొమ్మన్నా పోత."

నేను ఏం వేయాలో అప్పటికే తేల్చుకున్నాను. నీళ్ల బరువు, రాళ్ల ఎత్తు. పరుగు సెట్టు మళ్లీ విరుగుతుంది. లాగుడు సెట్టే సరైనది. లెక్కా, మనిషీ ఒకే వైపు నిలబడటం నా సర్వీసులో అదొక్కసారే చూశాను. ఆ సాయంత్రం చాలా సంతోషంగా పనిచేశాను. పళ్లకు ఎర్రరంగు పూసి, తిప్పి, అచ్చు ఎక్కడ పడుతోందో చూసి, సందు సరిచేసే పల్చటి రేకులు తీసి, పెట్టి, మళ్లీ తిప్పి. అచ్చు పంటి నడుమ పడేదాకా వదల్లేదు.

ట్రక్కు నిండు ట్యాంకుతో గుట్ట ఎక్కింది. ఊపిరి తీసుకోకుండా ఎక్కింది. మర్నాడు సుబేదార్ సాబ్ రోడ్డు టెస్టు అన్నాడు. డ్రైవరు, సాబ్ ముందు. నేను వెనక ట్యాంకు పట్టుకుని నిలబడ్డాను. మేడ్చల్ వైపు చదునైన రోడ్డు. ఆగాక సాబ్ దిగి చేతులు రుద్దుకున్నాడు.

"యాభై చూపెట్టింది. బ్రహ్మాండం."

నేను వెనక నుంచి దూకి వచ్చాను. మీటరు గేరుబాక్సు మీద నడుస్తుంది. వెనక పళ్లు మారితే మీటరు అబద్ధం చెబుతుంది. "సాబ్, అది నిజం కాదు. యాభై చూపిస్తే నలభై ఒకటే పోతున్నట్టు. కాన్వాయ్‌కు పనికిరాదు" అన్నాను. డ్రైవరు బానెట్ అవతల నిలబడి వింటున్నాడు.

సాబ్ నన్ను వింతగా చూశాడు. "కాన్వాయ్ ఎవడన్నడు? ఈసారి రైల్ల పోతయ్ బండ్లు. ఆడ ఘాట్ మీద నలభై ఎవడు పోతడు, పది పోతే గొప్ప. దిగుట్ల పట్టుకుంటదా లేదా, గదే సవాల్. గిసొంటి బండి కోసమే ఎతుకుతున్న. మస్తు పని జేసినవ్ హవల్దార్."

ఆయన నా వీపు మీద తట్టిన తట్టుడు ఇప్పటికీ అక్కడే ఉంది.

"సాబ్, ఒక్క రోజు ఇయ్యండి. పరుగు సెట్టు ఏస్త."

"గది నిన్ననే వేరే బండికి పోయింది. గా బండి జీడిమెట్ల రేషన్ డ్యూటీకి ఉంటది."

అంటే పరుగు సెట్టు వేసి ఉంటే ఈ బండే ఇక్కడ ఉండేది. నేనూ, డ్రైవరూ కాన్వాయ్ గురించే ఆలోచించాం. కొండ గురించి ఆలోచించలేదు. కొండల్లో ఏళ్లు గడిపి వచ్చిన ఇద్దరం.

వేరే డ్రైవర్‌ను పంపమని అడిగాను. పిల్ల సంగతి చెప్పాను. సాబ్ చెడ్డవాడు కాదు. "ఆ స్టీరింగు ఘాట్ మీద ఇంకెవనికిస్త? లోయల పడితే వాని పెండ్లాం పిల్లలు లేరా?" అన్నాడు. ఆయన మాట నిజమే. అయినా కోపం మాత్రం పోలేదు. కొత్త స్టీరింగు బాక్సు కోసం మేం మూడుసార్లు రాసి పంపాం. రాలేదు.

సెప్టెంబరు, రైల్వే సైడింగు, తెల్లవారుతోంది. ట్రక్కును గోడల్లేని వ్యాగన్ మీదికి ఎక్కించాం. చక్రాల కింద చెక్క ఆపులు కొట్టాం, గొలుసులు బిగించాం. డ్రైవరు భార్య బిడ్డను తీసుకుని వచ్చింది. జీడిమెట్లలో మందుల ప్యాకింగు పని ఆమెది, షిఫ్టుకు ఆలస్యమైనా వచ్చింది. డ్రైవరు ఆమెకు కాలు ఎలా పట్టుకోవాలో మళ్లీ చూపించాడు.

"ఏడ్సినా ఆపకు. గేరు గేరని అనుకుంట జెయ్యి."

"నా తోని ఆ మోత రాదు" అంది ఆమె.

"నేనొస్త ఆదివారాలు. నేను జేస్త" అన్నాను.

చేశాను కూడా. ప్రతి ఆదివారం మేడ్చల్ నుంచి రెండు బస్సులు మారి యాప్రాల్ వెళ్లేవాణ్ని. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఇంజను మోత చేసేవాణ్ని. ఆ పిల్ల నా ముఖంలోకి చూసి, "గిది మా నాయిన బండి కాదు" అని కాలు బిగబట్టేది. బలవంతం చేస్తే ఊపిరి ఆగేలా ఏడ్చేది. తల్లి వచ్చి ఎత్తుకునేది. "ఇయ్యాలకు చాలన్నా" అనేది. ఆమెను ఏమనగలం? పగలంతా నిలబడి పని, రాత్రి ఈ కేకలు.

జనవరిలో ఎక్స్‌ఛేంజి ఆపరేటరు దయవల్ల ఒకసారి లైను కలిసింది. గరగరమంటూ ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు గొంతు.

"అన్నా, బండి మస్తు లాగుతాంది. పిల్లెట్లుంది?"

"మోకాలు బిగుస్తాంది తమ్మీ. లీవు పెట్టు."

"రోడ్డు మూసిండ్రు అన్నా. మంచు. మే దాక కిందికి బండి లేదు."

తర్వాత లైను తెగింది.

మరుసటి ఏడు నాకు పెన్షన్ వచ్చింది. నా ఆఖరి ప్రయాణం శామీర్‌పేట నుంచి మేడ్చల్ దాకా, ట్రంకు కాళ్ల దగ్గర పెట్టుకుని, సిటీ బస్సులో. హైవే పక్కన రేకుల షెడ్డు వేసుకుని ఇరుసుల పని మొదలుపెట్టాను. డ్రైవరు రెండు చలికాలాలు పైనే ఉండి తిరిగొచ్చాడు. ఒక మధ్యాహ్నం నా షెడ్డు ముందు ఆటో దిగాడు. ముఖం నల్లగా కమిలింది. పిల్లను భుజం మీద ఎత్తుకున్నాడు. ఎత్తుకునే వయసు దాటిన పిల్ల. ఎడమ మోకాలు మళ్లీ ముడుచుకుని ఆయన ఛాతీకి ఆని ఉంది. పట్టీల బూటు లేదు.

లేచి నిలబడ్డాను. ఏమంటాడోనని ఎదురుచూశాను. తిట్టినా బాగుండేది.

"అన్నా, మూడుసార్లు బ్రేకు పోయింది ఘాట్ మీద" అన్నాడు. "మూడుసార్లూ సెకండు గేర్ల ఏసి వదిలేసిన. నీ పండ్లు పట్టుకున్నయ్. ముంగట పోయిన బండి ఒకటి పట్టుకోలే. అండ్ల పరుగు సెట్టుండె." పిల్లను టైరు మీద కూర్చోబెట్టాడు. "బిడ్డా, పెద్దనాయినకు దండం పెట్టు. నేనీడున్ననంటే ఆయన తోనే."

పిల్ల దండం పెట్టింది. టీ తెప్పించాను. అటు తిరిగి తాగాను.

సరైన సెట్టే వేశాను. ఇవాళ అడిగినా అదే వేస్తాను. ఆ తండ్రి బతికాడు. ఇవన్నీ రాత్రుళ్లు నాకు నేను చెప్పుకుంటాను. అప్పుడు ఆ సైడింగు కళ్ల ముందుకొస్తుంది.

గొలుసు ఒకటి వదులుగా ఉందని డ్రైవరు పిల్లను నేల మీద దించి వ్యాగన్ ఎక్కాడు. తల్లి చేయి పట్టుకోబోయింది. పిల్ల తోసేసింది. ఇనుప పట్టీల మీద ఎండ తగులుతోంది. రెండు కాళ్ల మీద, ఎవరినీ పట్టుకోకుండా, నిటారుగా నిలబడింది. గొలుసు బిగించి ఆయన జవాన్ల డబ్బాలోకి ఎక్కాడు. రైలు కదిలింది. డబ్బా తలుపులోంచి తండ్రి చేయి ఊపాడు. పిల్ల చేయి ఊపలేదు. కుడి పిడికిలి బిగించి, గాలిలో లేని గేరు రాడ్డును ముందుకు తోసింది.

"టాపు ఎయ్యి నాయినా!"

ఆ పిల్ల అలా నిలబడగా నేను చూడటం అదే ఆఖరు.