పాయింటు తర్వాతిది

మొన్న మా అన్న కూతురు కంప్యూటరులో ఏడును రెండుతో భాగించి చూపింది. మూడు అని వచ్చింది. తప్పు కదమ్మా అన్నాను. "తప్పు కాదు చిన్నాయనా. దీనికి పూర్ణసంఖ్యలే అని చెప్పినాను. పాయింటు తర్వాతది కావాలంటే దశాంశాలని ముందే చెప్పాల. లేకుంటే కోసి పారేస్తాది," అంది. మూడుంముప్పాతిక వచ్చినా మూడేనట. బడికి పోకుండా సొంతంగా లెక్కలు నేర్చుకున్నవాణ్ణి. ఆ కోత నాకు కొత్త కాదు.

అరవైల్లో ఒక కరువప్పుడు తనకల్లు ఊరి పక్క రోడ్డుకు మట్టి తవ్వే పని పెట్టారు. నాయన, నేను కలిసి రోజుకొక గుంత తవ్వేవాళ్లం. పాత నేల ఎంత ఎత్తుండేదో తెలిసేలా గుంత నడుమ ఒక మట్టిదిమ్మెను ముట్టకుండా వదలాలి. సాయంత్రం మేస్త్రీ దాని పక్కన టేపు నిలిపి లోతు చూస్తాడు. కొందరు దిమ్మె నెత్తిన దోసెడు మన్ను మెత్తి ఎత్తు పెంచేవారు. మేస్త్రీ దాన్ని చెప్పుకాలితో తన్ని, నీ దిమ్మె టోపీ పెట్టుకొనిందే అనేవాడు. కూలి మాత్రం నిండు అడుగులకే. మాది గరుసు నేల. ఎంత పొడిచినా రెండుంముప్పాతిక అడుగుల దగ్గర పొద్దు గూకేది. మేస్త్రీ "రెండు" అని కేక వేసేవాడు. మరునాడు పాత గుంతలో దిగనివ్వరు, కొత్తది మొదలుపెట్టాల్సిందే. ఇంట్లో విత్తనానికి దాచిన వేరుశనగ మూట, మా మాటలో చెనిక్కాయల మూట, ఒకటుండేది. కూలి చాలితే దాని జోలికి పోనక్కర్లేదు.

"నాలుగు ముప్పాతికలు కూడితే మూడడుగులు గదన్నా. వారానికొకతూరి అన్నీ కలిపి లెక్కెయ్," అని నాయన బతిమాలాడు.

"నిన్నటిది నిన్ననే తీరిపాయ గదప్పా. మిగిలిన మన్ను ఇంటికెత్తుకపో," అన్నాడు మేస్త్రీ. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. వాళ్ల గుంతల్లోనూ రోజూ అంతో ఇంతో తెగుతూనే ఉండేది.

కూలి చాలలేదు. అమ్మ మూట విప్పి, కాయలొలిచి, విత్తనాలు నానబెట్టి ఉడకేసింది. మేమంతా తిన్నాం. నాయన ముట్టలేదు. "మీరు తింటాండేది చేను," అన్నాడు, కోపం లేకుండానే.

ఆ ఏడు వాన పడింది. ఊరంతా ఎద్దులకు విత్తనపు గొర్లు కట్టి విత్తుతుంటే మా చేను తడిసి ఊరికే ఉంది. విత్తనం బదులిచ్చే ఇల్లు ఒక్కటీ లేదు. నాయన గట్టు మీద నిలబడి, ఈ ఏడు పోయిందిరా అన్నాడు. నేను నెలలు లెక్కబెట్టి, ఇంకా సగమైనా కాలేదే అనుకున్నాను. విత్తే అదునులోని ఆ నాలుగు దినాలే రైతుకు ఏడాది అనీ, మిగతావి ఊరికే గడవాల్సినవనీ గడిచినాకే తెలిసింది.