పుట్టి పందేనికి నేను చెక్కిన తెడ్డు

ఈ కథ నాకు మొదట చెప్పింది మస్తానయ్య. ఆత్మకూరు బస్టాండు ఎదురుగా, ఎస్టీడీ బూత్ పక్కన టీ కొట్టు ఆయనది. పోయిన మంగళవారం గ్లాసు నా చేతికిచ్చి, నవ్వు ఆపుకోలేక ఆపుకోలేక చెప్పినాడు.

"పెద్దాయనా, విన్నావా? ఉదయగిరి నుంచి ఎవురో గరిటెలు చెక్కే ముసలాయనంట. సోమశిల నీళ్లలో పుట్టి పందెం కట్టి, తెడ్డు పుటుక్కున విరిగి మునిగిపోయినాడంట!"

ఆ ముసలాయన నేనే. మునిగిన మాట నిజం. దానికి నాకు బాధ లేదు. తెడ్డు విరగడమేంది? నలభై ఏండ్లుగా నేను చెక్కిన గరిటె ఒక్కటి విరిగిందని ఎవురన్నా అన్నారా? టీ సగంలో పెట్టి లేచి వచ్చేసినాను. అందుకే జరిగింది జరిగినట్టు చెప్తా ఉండాను.

మా వియ్యంకుడు పెంచలయ్యది అనంతసాగరం దగ్గర పల్లె. సోమశిల డ్యాం నీళ్లలో చేపలు పడతాడు. మూడేండ్ల కిందట మా అమ్మాయి నిశ్చితార్థం నాడు, భోజనాల పంక్తిలో, అందరూ వింటా ఉండగా అన్నాడు: "గరిటెలు చెక్కే చేతికి నీళ్ల సంగతి ఏం తెలుస్తుంది బావా!" పంక్తి పంక్తంతా నవ్వింది. నాకు మంచి మాటలు ఎన్నాళ్లో గుర్తుండవు. ఇట్లాంటివి మాత్రం ఎక్కడికీ పోవు.

ఈ ఏడు వాళ్ల ఊళ్లో పుట్టి పందెం పెట్టినారు. పుట్టికి ఒక్క మనిషే. నీళ్లలో పాతిన జెండా చుట్టూ తిరిగి ఒడ్డుకు రావాల. "నేనూ దిగుతా" అన్నాను. "గెలిస్తే, ఆ పొద్దు పంక్తిలో అన్న మాట తప్పని అందరి ముందరా చెప్పాల."

"ఏ మాట బావా?" అన్నాడు పెంచలయ్య.

చూడండి! మర్చిపోయినాడు. నా కోపం రెండింతలైంది.

పందెం పదిరోజులుందనగా పోయినాను. ఆయన పాత పుట్టి ఒకటి ఇచ్చినాడు. పుట్టంటే పడవ మాదిరి నీళ్ల మీద తేలే, వెదురు బద్దలతో అల్లిన గుండ్రటి పెద్ద గంప. అడుగున యూరియా సంచులు కుట్టి, వాటి మీద తారు పూస్తారు. ఎంత అజాగ్రత్త! బద్దలు మూడు వదులైపోయి ఉండాయి. తీయించి కొత్తవి అల్లించినాను. పుట్టి లోపల నీళ్లు పోసి, బయట చెమ్మ కనపడిన చోటల్లా సున్నం బొట్టు పెట్టినాను. ఏడు బొట్లు తేలినాయి. పాత తారు గీకి, కొత్తది కాచి, రెండు పూతలు పూసినాను. నీడలో బోర్లించి ఆరబెట్టినాను. ఎండకు పెడితే జారిపోతుంది గదా.

"పెండ్లికూతుర్ని చేసినట్టు చేస్తివే బావా" అన్నాడు పెంచలయ్య. అది మెచ్చుకోలో ఎగతాళో నాకు తేలలేదు. ఎగతాళి కిందే రాసుకున్నాను.

ఇంక తెడ్డు. వాళ్ల తెడ్లు చూస్తే నాకు వాంతి వచ్చినంత పనైంది. కర్రకు ఒక పలక, రెండు మేకులు. ఇదీ ఒక పనేనా? నేను ఆలోచించినాను. నీళ్లను లాగాలంటే ముందు పట్టుకోవాల. పట్టుకోవాలంటే గుంట ఉండాల. ఇంటికి పోయి గరిటెలకు వాడే మంచి నర్ది చెక్క తీసి, నాలుగు రోజులు చెక్కినాను. మనిషెత్తు కాడ, చివరన నీళ్లు లాగే చాటంత ఆకు, దాని మధ్యలో నున్నటి గుంట. గరిటె చెక్కినాక పెదవికి ఆనించి చూడడం మా పద్ధతి. గరుకు తగిలిందా, పక్కన పారేస్తాం. అనంతసాగరం పోయినాక వాళ్ల వాకిట్లో తెడ్డును కూడా పెదవికి ఆనించినాను. వెన్నే!

మా వియ్యపురాలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అన్నయ్యా, తెడ్డుకు ముద్దు పెట్టేవాళ్లను ఇప్పుడే చూస్తా ఉండాను!"

"ఒక్కసారి నీళ్లలో వేసి చూడు బావా" అన్నాడు పెంచలయ్య.

"నా పనికి టెస్టు ఏందయ్యా?" అన్నాను.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ మాట దగ్గరే ఆగిపోతా ఉండాను. ఆయన పుట్టిలో ఏడు తప్పులు వెతికినాను. నా తెడ్డులో ఒక్కటి కూడా వెతకలేదు.

పుట్టికి ముందూ వెనకా ఉండదు. పోవాల్సిన వైపు తెడ్డు ముంచి, నీళ్లను మన వైపుకు లాక్కుంటా పోవాల. పందెం నాడు విజిల్ ఊదినారు. ముంచినాను, లాగినాను. పుట్టి దూకింది చూడండి! పక్కనున్న కుర్రోళ్లంతా వెనకబడినారు. ఒడ్డున ఒకటే కేకలు: "ముసలాయన పోతా ఉండాడ్రోయ్!"

ముంచినాను, లాగినాను, ఎత్తినాను. ఒళ్లో చల్లగా తగిలింది. నీళ్లు చిందినాయిలే అనుకున్నాను. మళ్లీ ఎత్తితే మళ్లీ తగిలింది. అప్పుడు చూసినాను. తెడ్డు గుంట నిండా నీళ్లు! ఒక్క చుక్క కింద పడనీకుండా తెచ్చి నా ఒళ్లో పోస్తా ఉండాది. అట్లా ఒలకకుండా ఉండాలనే గదా నలభై ఏండ్లు చేయి అరగదీసుకున్నాను!

ఆపితే వెనకబడతాను, లాగితే పుట్టి నిండుతుంది. ఆపే మనిషినా నేను? ఇంకా గట్టిగా లాగినాను.

"బావా! చాల్లే, వడ్డించుకోవడం ఆపు!" ఒడ్డు నుంచి పెంచలయ్య అరిచినాడు.

జెండా ఇంకా పది బారల దూరంలో ఉండగా పుట్టి మెల్లగా, మర్యాదగా నన్ను తీసుకొని కిందికి దిగింది.

పెంచలయ్యే తన పుట్టి వేసుకొని వచ్చి నన్ను పైకి లాగినాడు. తన కండువాతో నా తల తుడిచినాడు. ఎత్తిపొడుస్తాడేమోనని ఒడ్డు చేరేదాకా కాచుకొని ఉండినాను. ఏదో ఒకటి అనుంటే నాకు సులువుగా ఉండేది. ఒడ్డుకు తేలి వచ్చిన తెడ్డును అందుకొని, తిప్పి తిప్పి చూసి, చివరికి అన్నాడు: "పని చాలా బాగుండాది బావా. నీళ్లకే పనికిరాదు."

దీని మీద కోపం తెచ్చుకుందామని చాలా ప్రయత్నం చేసినాను. రాలేదు.

పుట్టికి చిల్లు లేదు, తెడ్డుకు బీట లేదు. అవి రెండూ సరిగ్గా ఉంటే ఇంక మిగిలింది నేనే. ఒప్పుకోవడం కష్టంగానే ఉండాది. కానీ నా చేతి పని విరిగిందనిపించుకోవడం కంటే నా బుద్ధి వంకరపోయిందనిపించుకోవడమే నయం. కాబట్టి ఆత్మకూరు వైపు పోయేవాళ్లు ఎవురైనా మస్తానయ్య కొట్టు దగ్గర దిగి, కథ సరిచేసి చెప్పమనండి. తెడ్డు విరగలేదు. ముసలాయన్ని శుభ్రంగా ముంచి, తాను చెక్కుచెదరకుండా పైకి తేలింది. ఈ మాట నేను చెప్పినానని మాత్రం అనొద్దు. ఆ ముసలాయన నేనేనని ఆయనకు ఇంకా తెలీదు.