కోడిమేత రొట్టె

బ్రేమెన్‌లో మా వీధికి యుద్ధం మిగిల్చింది ఒక గోడ, ఒక పొయ్యి. ఆ రొట్టెల పొయ్యి ఓటీలియాది. నిజానికి ఆమె మొగుడు గెర్డ్‌ది. రష్యా మీద యుద్ధానికి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. పొయ్యికి మేస్త్రి ఉండాలి, ఆ మేస్త్రి మగవాడై ఉండాలి అనేది రొట్టెలవాళ్ళ సంఘం ఆనవాయితీ. ఆనవాయితీలకు బాంబులు తగలవు కదా!

నలభై ఏడులో సంఘం పెద్ద కార్స్టెన్స్ వచ్చాడు. ఆయనకు ఆమె గెర్డ్ పెళ్ళాం మాత్రమే, పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు.

"చూడమ్మా, శనివారం మళ్ళీ వస్తా. జనానికి పెట్టదగ్గ రొట్టె కనబడిందా, పొయ్యి నీది. లేదంటే తాళం వేసి, నీ వంతు పిండి పక్కవీధి పొయ్యికి పంపిస్తా."

"రండి. కత్తి కూడా మీదే తెచ్చుకోండి," అంది ఓటీలియా. మాటల్లో ఆమె ఎప్పుడూ తక్కువ తినలేదు.

సరిగ్గా ఆ వారమే వచ్చిన బస్తాలు విప్పితే ఏముంది? పసుపుపచ్చని మొక్కజొన్న పిండి! మావాళ్ళు అమెరికావాళ్ళతో ధాన్యం కావాలని "కోర్న్" అన్నారట. మాకు కోర్న్ అంటే రొట్టెకు వాడే రై ధాన్యం. సముద్రం అవతల అదే మాటకు అర్థం మొక్కజొన్న. అడిగినవాడి తప్పూ లేదు, ఇచ్చినవాడి తప్పూ లేదు, మధ్యలో మాట కొంప ముంచింది. మొక్కజొన్న మా దగ్గర కోళ్ళకే వేస్తాం.

మొదటి వాయి ఇటుకల్లా దిగింది. కత్తి పెడితే పొడిపొడిగా రాలింది. పక్కింటి మేటా ముసలమ్మ కిటికీలోంచి తొంగి చూసి, "కొక్కొక్కో! ఇది తిని గుడ్లు పెట్టమంటావటే?" అంది. వరసలో నిలబడ్డవాళ్ళంతా కోళ్ళలా కూశారు. కడుపు కాలుతున్నవాళ్ళ నవ్వే అది. అయినా ఓటీలియాకు ఒళ్ళు మండింది.

"నవ్వండి, నవ్వండి. శనివారం మీ నోళ్ళు మూతపడకపోతే అడగండి!" అని తలుపేసుకుంది. లోపలికి వెళ్ళాక మాత్రం గెర్డ్ తొడుక్కునే ఏప్రన్‌లో మొహం దాచుకుని ఏడ్చింది.

పిండికి జిగురు లేదు, అదీ రోగం. గరుకు రై పిండి వస్తే గెర్డ్ మరిగే నీళ్ళు పోసి నానబెట్టేవాడని గుర్తొచ్చింది. శుక్రవారం పొద్దున్నే మొక్కజొన్న పిండి మీద అలాగే సలసల కాగే నీళ్ళు పోసి మూతపెట్టింది. సాయంత్రానికి ముద్ద చేతికి అంటుకుంది. బాంబులు పడ్డప్పుడల్లా చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని కాపాడుకున్న, తోడుగా వేసే పులిసిన పిండిని, మిగిలున్న కాస్త రై పిండిని అందులో కలిపింది.

శనివారం కార్స్టెన్స్ నిజంగానే కత్తి తెచ్చుకున్నాడు. వీధి వీధంతా గుమిగూడింది. కోశాడు. ముక్క రాలలేదు. బొటనవేలితో నొక్కాడు. నొక్కిన చోటు మళ్ళీ పైకి లేచింది. ఒక ముక్క తిన్నాడు. ఇంకోటి కోసుకున్నాడు.

"ఏంటి, పరీక్షా, భోజనమా?" అంది ఓటీలియా.

ఆయన మీసాలు తుడుచుకుని, "సోమవారానికి ఎన్ని బస్తాలు కావాలి, మేస్త్రమ్మా?" అన్నాడు.

ఆ పిలుపు వీధంతా విన్నది.

తర్వాత ఓడల్లో గోధుమలొచ్చాయి, యంత్రాలొచ్చాయి. ఆ ఒంటిగోడ పక్కన ఇళ్ళు లేచాయి. మమ్మల్ని ఓడించిన అమెరికా సైన్యానికి పెద్దగా ఉన్న మార్షలే, ఓడినవాళ్ళను కూడా లేపి నిలబెట్టాలన్నాడు. ఆ సాయానికి ఆయన పేరే పడింది. మొక్కజొన్న పిండి అంతకు ముందే వచ్చిందని ఎంత మొత్తుకున్నా మా వీధి వినదు. వాళ్ళకు ప్రతి బస్తా మార్షల్ బస్తానే.

యాభై తొమ్మిదిలో మార్షల్ పోయాడని పేపర్లో చూసిన రోజు, ఓటీలియా పన్నెండేళ్ళ తర్వాత మళ్ళీ ఆ మొక్కజొన్న రొట్టెలు కాల్చింది. అప్పటికి బోర్డు మీద ఆమె పేరే ఉంది.

"ఆ మహానుభావుడు పెట్టిన రొట్టెతోనే కదా బతికాం," అన్నాడు వరసలో ఉన్న బడిపంతులు.

"ఆయనకు వెయ్యి దణ్ణాలు పంతులుగారూ. పిండి ఆయనదే అనుకోండి. రొట్టె మాత్రం నాది!"

వెనక నుంచి మేటా ముసలమ్మ కర్ర పోటేసుకుంటూ ముందుకొచ్చింది. నోట్లో ఒక్క పన్నూ లేదు.

"కొక్కొక్కో... కాస్త మెత్తటి ముక్క చూసి పెట్టవే, మేస్త్రమ్మా," అంది.