ఏలియా మాస్టారి షుగర్ బిళ్ళ

కరోనా తగ్గిన మరుసటి ఏడాది. అప్పుడు నేను అరకులో ఓ ప్రైవేటు ఆసుపత్రి మందుల కౌంటర్లో ఫార్మసిస్టును. కొండమీద బడిలో హెడ్మాస్టరుగా రిటైరైన ఏలియా మాస్టారు ప్రతి నెలా షుగర్ మందులకు మా దగ్గరికే వచ్చేవారు. మందుల ఖర్చంతా ఆయన ఆరోగ్య బీమా చూసుకునేది.

ఆ నెల, రోజూ రెండు పూటలా వేసుకునే మెట్‌ఫార్మిన్ ఇవ్వబోతే పక్కకు తోసి, జేబులోంచి రంగుల కాగితం ఒకటి తీశారు. ఏదో కంపెనీ కొత్తగా తెచ్చిన ఎస్.ఆర్. బిళ్ళ ప్రకటన. ఎస్.ఆర్. అంటే లోపల నెమ్మదిగా కరిగేది. రోజుకొకటి చాలు. మందు మాత్రం పాతదే.

“ఇకనుంచి ఇదే ఇయ్యమ్మా. దీనికి పవరెక్కువ.”

“బీమావాళ్ళు జెనరిక్‌కే డబ్బిస్తారు మాస్టారూ. అది మీకు పనిచేయలేదని డాక్టరుగారు రాస్తేనే బ్రాండుకు ఒప్పుకుంటారు.” జెనరిక్ అంటే అదే మందు, పెద్ద కంపెనీ పేరు లేకుండా చౌకగా దొరికేది.

“పనిచేయలేదని రాయాలా? సరే,” అని జెనరిక్ తీసుకుని వెళ్ళిపోయారు.

మూడు వారాలకు ఆయన భార్య రూతమ్మ రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. కాఫీ తోటలో కళ్ళు తిరిగి కూలబడ్డారట. డాక్టరుగారు షుగర్ చూస్తే మిషను అంకె చూపకుండా ‘హై’ అంది. మాస్టారు మాత్రం ఫస్టుక్లాసులో పాసైనవాడిలా వెలిగిపోయారు.

“చూశారా డాక్టరుగారూ! జెనరిక్ ఫెయిల్!”

రూతమ్మ సంచి బోర్లించింది. నేనిచ్చిన బిళ్ళలన్నీ బయటపడ్డాయి. “ఏటి ఫెయిలు? బియ్యం డబ్బాలో దాసీసినాడమ్మా! పైగా మూడు పూటలా పనసతొనలు!”

నాకు నవ్వూ భయమూ ఒక్కసారే వచ్చాయి. రెండు రోజులు వార్డులో ఉంచి ఇన్సులిన్ ఇస్తే గానీ షుగర్ దిగలేదు. రెండోరోజు మంచం పక్కన కూర్చుని అడిగాను.

“నిజం చెప్పండి మాస్టారూ. పాత బిళ్ళతో ఇబ్బందేమిటి?”

ఆయన రూతమ్మను టీకి పంపి, గొంతు తగ్గించారు. “చర్చిలో ప్రార్థన నడిపేది నేనే. ఆ బిళ్ళ వేసుకున్న గంటకి కడుపు గడబిడ. ఓ ఆదివారం అందర్నీ మోకరించమన్నాను. కళ్ళు మూసుకున్నారు. నేను పరుగో పరుగు. తిరిగొచ్చేసరికి అందరూ ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నారమ్మా, ఆమేన్ సెప్పే నాథుడు లేక!”

“ఈ మాట ఆరోజే చెప్పాల్సింది!”

“ఎలా సెప్తాను? నీ కౌంటరు దగ్గర లైన్లో సగంమంది నా స్టూడెంట్లే!”

డాక్టరుగారు బీమావాళ్ళ ఫారంలో ఉన్నదున్నట్టు రాసి, నెమ్మదిగా కరిగే బిళ్ళయితే కడుపుకు ఇబ్బంది తగ్గుతుందని చేర్చారు. మర్నాడే జవాబు: ఎస్.ఆర్. ఇవ్వవచ్చు, కానీ అందులోనూ జెనరిక్ ఉంది, అదే ఇవ్వండి. నిజమే. పాత బిళ్ళా, రంగుల కాగితంలోని బ్రాండూ తప్ప మూడో దారి ఉందని నాకే తట్టలేదు. మాస్టారు సణుగుతూనే వేసుకున్నారు. నెల తిరిగేసరికి షుగరూ కడుపూ రెండూ దారికొచ్చాయి.

అప్పటినుంచి ఎవరైనా ఖరీదైన మందే కావాలని పట్టుబడితే ముందుగా రూల్సు చెప్పను. పక్కకు పిలిచి, పాత మందుతో ఏమవుతోందని మెల్లగా అడుగుతాను. చాలామంది ఒకసారి చుట్టూ చూసుకుని, అప్పుడు చెప్తారు.