అక్క గోలీ మీద నా కన్ను

నేను టీచర్ని. ఐదో తరగతి పిల్లల హాజరు పిలుస్తుంటే రిజిస్టర్‌లో పేర్లు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు కనిపించాయి. మెడ వెనక బరువు. పొద్దున తినకుండా బడికి వచ్చినందుకేమో అనుకున్నాను. వారమైనా తగ్గకపోతే జనగామలో మా ఇంటి దగ్గరి దవాఖానకు వెళ్లాను. నర్సమ్మ బీపీ చూసి, ఇంకోసారి చూసింది. 160/104. నాకప్పుడు ఇరవై ఏడేళ్లు.

క్రియాటినిన్, థైరాయిడ్, కిడ్నీ స్కాన్ అన్నీ నార్మల్. చిన్నప్పుడు ఆయాసం ఉండేదని చెబితే డాక్టర్ చీటీ మీద ఆస్తమా అని రాసి, అమ్లోడిపిన్ అనే బీపీ గోలీ ఇచ్చారు. బీపీ దిగింది కానీ చీలమండలు వాచాయి. సాయంత్రానికి చెప్పులు బిగుసుకునేవి.

మూడు నెలలకు అక్క చెల్పూర్ నుంచి ఎనిమిది నెలల బిడ్డతో వచ్చింది. బావది అక్కడ పవర్ ప్లాంట్‌లో ఉద్యోగం. కాన్పప్పుడు అక్కకూ బీపీ వచ్చిందని, ఇంకా గోలీలు వాడుతోందని తెలుసు. ఆమె గోలీ పేరు కార్వెడిలాల్. ఫోన్‌లో వెతికాను. అది బీపీ తగ్గించడమే కాదు, యాంటీఆక్సిడెంట్‌గా కూడా పనిచేస్తుందని, రక్తనాళాలు పాడవకుండా చూస్తుందని రాసి ఉంది. మూడుసార్లు చదివాను.

చిన్నప్పటి నుంచి చుట్టాలు ముందు అక్కను చూసేవాళ్లు, తర్వాత "గీమె చిన్నదా?" అని నన్ను చూపించి అడిగేవాళ్లు. బిడ్డ తల్లయినా ఆమె మొహం నిగనిగలాడుతోంది. అదంతా ఆ గోలీ మహిమే అనిపించింది. 'రోగంలో కూడా మంచిది ఆమెకే దొరికింది' అని డైరీలో రాసుకున్నాను.

మర్నాడు నాది పక్కన పెట్టి, ఆమె స్ట్రిప్ నుంచి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకున్నాను. రెండో రోజు పొద్దున ఇంకొకటి. మధ్యాహ్నానికి ఛాతీ పట్టేసి, ఊపిరిలో ఈల మొదలైంది. అక్క బిడ్డను అమ్మ చేతికిచ్చి నన్ను ఆటోలో దవాఖానకు తీసుకుపోయింది.

నెబులైజర్ పెట్టినా తేడా లేదు. డ్యూటీ డాక్టర్ అడిగారు, "కొత్తగ ఏమన్న గోలీలు వేసుకున్నవా?"

"ఏం లేదు సార్, మా చెల్లెది అమ్లోడిపిన్ ఒక్కటే. దానికి మాటొస్తలేదు, నేనే చెప్తున్న" అంది అక్క.

మొహం మీద మాస్కు ఉంది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కానీ ఊపిరి అందడం లేదు. మాస్కు పక్కకు జరిపాను. "అక్క గోలీలు... కార్వెడిలాల్... మూడు."

అక్క నా వైపు చూడలేదు. డాక్టర్ వెంటనే మందు మార్చారు. ఇంజెక్షన్ ఇచ్చి అడ్మిట్ చేశారు. ఊపిరి కుదురుకున్నాక అడిగారు, "ఆస్తమా ఉన్నోళ్లకు అది ఇయ్యమమ్మా, ఊపిరి గొట్టాలు మూసుకపోతయి. ఎందుకేసుకున్నవ్?"

చెప్పాను. ఆయన నవ్వలేదు. "యాంటీఆక్సిడెంట్ గుణం ల్యాబుల కనబడ్డది నిజమే. దానితోని మనిషికి ఎంత లాభమో గట్టిగ చెప్పలేం. అది చూసి మేం మందు రాయం, మనిషిని చూసి రాస్తం."

మర్నాడు అక్క ఇడ్లీ తెచ్చింది. "చీరలడిగితే ఇస్తుంటి, నగలడిగితే ఇస్తుంటి. గోలీలెందుకు తీసినవే?"

"నీదే మంచిదనిపించింది."

"గది ఒట్టి బీపీకి ఇచ్చింది కాదే. కాన్పయినంక నా గుండె వీకయింది. గుండె ఎకో తీస్తె పంపింగ్ ముప్పై అయిదే ఉన్నది, యాభై అయిదు దాటాల్నట. మల్ల పిల్లల్ని కనొద్దన్నరు. అమ్మకు చెప్పలే, నీకూ చెప్పలే." ఇడ్లీ డబ్బా మూత తీస్తూ అంది, "నువ్వు మెట్లు గబగబ ఎక్కుతుంటె నాకు కుళ్లయితది తెల్సా?"

నేను ఇడ్లీ పక్కన పెట్టాను. ఆమె మాత్రం "తినవే, నా గోలీలు తిన్నంత ధైర్యం లేదా?" అని నవ్వింది.

ఇది జరిగి రెండేళ్లయింది. నాది అమ్లోడిపినే. వాపు సంగతి చెబితే డాక్టర్ మోతాదు మార్చారు. బీపీ 126/80 దగ్గర ఉంటోంది. ఇన్‌హేలర్ బడి బ్యాగులోనే పెట్టుకుంటాను. అక్క పంపింగ్ నలభై అయిదుకు వచ్చింది. ఆమెకు ఎకో ఉన్న రోజు నాకూ బీపీ పెరుగుతుంది. ఆమె మొహం చూస్తే కొంచెం కుళ్లు ఇప్పటికీ ఉంది, దాచను.

మీకు చెప్పేది ఒక్కటే. ఇంట్లో ఇంకొకరి గోలీ మీ దాని కంటే మంచిదనిపిస్తే, దాన్ని ముట్టుకోకండి. అది వాళ్లకు ఎందుకు ఇచ్చారో వాళ్లను అడగండి. ఆమె గోలీలు వాడుతోందని తెలిసినప్పుడే నేను అడిగి ఉంటే, అక్క ఆ మాట ఎనిమిది నెలలు ఒక్కతే మోసేది కాదు.