చంద్రమ్మ గారు చల్లబరిచిన ఇల్లు

ఈ ఉదయం మా ఎదురు మేడమీద ఎవరో సున్నం వేయిస్తున్నారు. తడి సున్నం వాసన కిటికీలోంచి రాగానే చేతిలో పని ఆగిపోయింది. చంద్రమ్మ గారు గుర్తొచ్చారు. కొత్తగూడలో మేము అద్దెకున్న ఇల్లు ఆవిడదే. ప్రభుత్వ దవాఖానలో నర్సుగా పనిచేసి రిటైరై, కింది వాటాలో ఒక్కరే ఉండేవారు. గొంతు పెద్దది, నవ్వు తక్కువ. మొదట్లో ఆవిడంటే నాకు భయమే.

ఆ ఏడాది వేసవి మొదలయ్యేసరికి మా ఆయన సురేశ్ ఉద్యోగం పోయింది. నా ఒక్క జీతంతో ఇల్లు నడవాలి. మాది పై అంతస్తు, మధ్యాహ్నానికి స్లాబు పెనంలా కాలేది. ఏసీ లేకుండా ఉండలేం, వేస్తే బిల్లు భరించలేం. కరెంటు బిల్లు వచ్చిన రోజు సురేశ్ ఎవరినీ ఏమీ అనేవాడు కాదు గానీ, అన్నం దగ్గర్నుంచి సగంలో లేచిపోయేవాడు. మాతోనే ఉండే మా అత్తగారు అది చూస్తున్నారని మాకు తట్టలేదు. నేను ఆఫీసుకీ, అతను ఇంటర్వ్యూలకీ వెళ్లగానే ఆవిడ ఏసీతో పాటు ఫ్యాను కూడా ఆపేసి కూర్చునేవారట.

మే నెలలో ఒక మధ్యాహ్నం తలనొప్పిగా ఉండి నేను తొందరగా ఇంటికొచ్చాను. తలుపు తీయగానే వేడి ముఖానికి కొట్టింది. అత్తగారు వంటింటి గుమ్మం దగ్గర పడి ఉన్నారు. ఒళ్లు కాలిపోతోంది. పిలిస్తే ఏవో పొంతన లేని మాటలు. నా కేక విని చంద్రమ్మ గారు పైకి పరుగెత్తుకొచ్చారు. నేను గ్లాసుతో నీళ్లు పట్టబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపేశారు.

“నోట్ల పొయ్యకు! సోయి లేదు, ఊపిరితిత్తులల్లకు పోతయి. ఫ్యాను వెయ్యి. అంబులెన్సుకు ఫోన్ కొట్టు, దుప్పటి తడిపి తే.”

అంబులెన్సు జంక్షన్‌లో ఇరుక్కుందని డ్రైవరు ఫోన్ చేశాడు. నేను బకెట్టుతో నీళ్లు తెచ్చిస్తున్నాను. చంద్రమ్మ గారి చేతులు ఆగలేదు. తడి దుప్పటి కప్పి, మెడకీ చంకలకీ చన్నీళ్లు పోస్తూనే ఉన్నారు. “అమ్మా, జర కండ్లు తెరువు. నన్ను సూడు” అని గద్దిస్తూనే ఉన్నారు. చివరికి కిందినుంచి సైరన్ వినిపించింది.

ఇంకాస్త ఆలస్యమైతే చెయ్యి దాటిపోయేదన్నారు ఆసుపత్రిలో డాక్టరు. మర్నాడు అత్తగారు కళ్లు తెరిచి నన్నడిగిన మొదటి మాట, “ఫ్యాను ఆపేసి వచ్చావా అమ్మా?” అని. సురేశ్ గోడవైపు తిరిగిపోయాడు.

ఇంటికొచ్చిన రోజు అతను చంద్రమ్మ గారితో, “ఇక రోజంతా ఏసీ నడవాల్సిందేనండి. అప్పు చేసైనా కడతాను” అన్నాడు.

“అట్ల ఎన్నొద్దులు కడతవు? నువ్వు పరేషాన్ అయితుంటే మీయమ్మ సూస్తది, మళ్ల ఆపుతది.” తర్వాత అత్తగారి వైపు తిరిగారు. “నువ్వు పోతే నీ కొడుకుకు ఏం మిగులుతుండె చెప్పు? బిల్లు తగ్గియ్యాలంటే ఇల్లు చల్లగ చెయ్యాలె. పానం మీదికి తెచ్చుకునుడు కాదు.”

అత్తగారు తల దించుకుని, “మీరు చెప్పినట్టే చేస్తానండి” అన్నారు.

ఆ వారంలోనే చంద్రమ్మ గారు ఎండ వేడి పట్టకుండా స్లాబు మీద తెల్లగా సున్నం వేయించారు. పడమటి కిటికీ బయట వట్టివేళ్ల తడక కట్టించారు. పొద్దెక్కకముందే వంట ముగించి కిటికీలు మూయడం, సాయంత్రం గాలి తిరిగాక తెరవడం, అందరం ఒక్క గదిలో ఏసీ చల్లదనం తగ్గించి ఫ్యాను వేసుకుని పడుకోవడం మాకు నేర్పారు. ఎండ ఎండలాగే ఉంది, కానీ ఇల్లు మనుషులు ఉండగలిగేలా అయింది. బిల్లూ తగ్గింది. వానలు మొదలయ్యాక సురేశ్‌కి మళ్లీ ఉద్యోగం దొరికింది.

ఆ వేసవి ముగిసేదాకా చంద్రమ్మ గారు మధ్యాహ్నం కిందినుంచి అత్తగారిని పిలిచేవారు. ఒక సెలవురోజు నేను బయటినుంచి అప్పుడే తిరిగొస్తున్నాను, ఆవిడ పిలిస్తే జవాబు రాలేదు. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కి తలుపు బాదితే, అత్తగారు తడి జుట్టుతో స్నానాలగదిలోంచి వచ్చారు. చంద్రమ్మ గారు మెట్ల మీదే కూలబడి కళ్లు తుడుచుకున్నారు. ఆవిడ భయపడటం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇప్పుడు మేం మియాపూర్‌లో ఉంటున్నాం. చంద్రమ్మ గారు కాలం చేశారు. ఇంట్లో ఎవరైనా “నాకేం ఉక్కగా లేదు, మీరు వేసుకోండి” అంటే మాత్రం నేను ఆ మాట నమ్మను. దగ్గరికెళ్లి వీపు మీద చెయ్యి వేసి చూస్తాను.